బ్రెయిన్ మ్యాపింగ్‌లో అబద్ధం దొరుకుతుందా? మా తమ్ముడు ఒప్పుకోవాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు పనిచేసే బట్టల షాపులో బీరువా పగలగొట్టి డబ్బు ఎత్తుకెళ్లారు. పొద్దున్నే షట్టరు తీసి మొదట చూసింది మీ తమ్ముడే. పోలీసులు నాలుగైదుసార్లు స్టేషన్‌కి పిలిచి అడిగారు. ఇప్పుడు "బ్రెయిన్ మ్యాపింగ్‌కి ఒప్పుకో, తప్పు చేయనివాడికి భయమెందుకు" అంటున్నారు. నాన్నగారు ఒప్పుకోమంటున్నారు, మీకు మనసొప్పడం లేదు. అబద్ధమాడితే మెదడు పట్టిస్తుందా, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఇది అబద్ధం అని చూపించే గుర్తు మెదడులో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఆ యంత్రం పట్టేది అబద్ధాన్ని కాదు, గుర్తుపట్టడాన్ని. మీ తమ్ముడి విషయంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ గదిని అతను కళ్లారా చూశాడు. ఒప్పుకోవడం గురించి నా మాట ఇదీ: లాయరుతో కూర్చుని మాట్లాడేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పండి. ఎందుకో వివరంగా రాస్తాను. నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో ఇరవై ఆరేళ్లు ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తును గీతలుగా చూపించే పరీక్ష, తీశాను. మూర్ఛ వచ్చే పిల్లలు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు, ఇలా కొన్ని వేల మంది తలలకు జెల్ రాసి వైర్లు అతికించాను. బ్రెయిన్ మ్యాపింగ్‌కి వాడేది కూడా ప్రాథమికంగా ఈ ఈఈజీ యంత్రమే. అందుకే దాని బలం, బలహీనత రెండూ చేతి అనుభవంతో చెప్పగలను.

మెదడు కణాలు పనిచేసేటప్పుడు సన్నటి విద్యుత్తు పుడుతుంది. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు దాన్ని మొదటిసారి మనిషి తల మీద నుంచి నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి ఆ విద్యుత్తు మైక్రోవోల్టుల్లో మిగులుతుంది. మైక్రోవోల్టు అంటే ఒక వోల్టులో పది లక్షలో వంతు. కనురెప్ప ఒక్కసారి కొడితే పడే గీత మెదడు గీతను మింగేస్తుంది. పళ్లు బిగించినా, గుటక వేసినా, మెడ బిగుసుకున్నా తెర మీద అంతా గజిబిజే. పేషెంటును "కదలకండి, గుటక మింగకండి, కళ్లు మూసుకోండి" అని బతిమాలుకుంటూనే మా సర్వీసు సగం గడిచిపోయింది.

ఈఈజీ ఎంతవరకు చెప్పగలదంటే, కల్యాణ మండపం బయట రోడ్డు మీద నిలబడి లోపలి సందడి వింటున్నట్టు అనుకోండి. గట్టిమేళం మోగితే తాళి కట్టే సమయమైందని మీకు తెలుస్తుంది. మూడో వరసలో కూర్చున్న పెద్దాయన పక్కాయన చెవిలో ఏమన్నాడో మాత్రం తెలియదు. మూర్ఛ వస్తే మెదడులో గట్టిమేళం లాంటిదే మోగుతుంది, అది మాకు స్పష్టంగా దొరుకుతుంది. ఒక మనిషి మనసులో అనుకున్న మాట దొరకదు.

మరి పోలీసులు చెప్పే పరీక్ష దేని మీద నడుస్తుంది? అదే మండపంలో మీరు లోపలే ఉన్నారనుకోండి. చుట్టూ వంద మంది మాట్లాడుతుంటారు, మీకు ఏదీ పట్టదు. ఎక్కడో ఒక మూల నుంచి మీ పేరు వినబడగానే తల అటు తిరుగుతుంది. మెదడు లోపల కూడా అలాంటి ఒక మలుపు ఉంది. మామూలు వాటి మధ్య మనకు సంబంధించినదో, అరుదైనదో ఒకటి తగిలితే, తగిలిన తర్వాత సుమారు 300 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే, నడినెత్తి వెనక భాగంలో ఒక పాజిటివ్ అల లేస్తుంది. దాన్ని పీ300 అంటారు. 1965లో అమెరికాలో శామ్యూల్ సట్టన్ బృందం దీన్ని వెల్లడించింది. కొందరిలో ఇది 300 దాటి చాలా ఆలస్యంగా కూడా వస్తుంది, వయసుతో పాటు ఇంకా ఆలస్యమవుతుంది. ఆసుపత్రిలో మేము దీన్ని మతిమరుపు అనుమానం ఉన్నవాళ్లకు చేసేవాళ్లం. హెడ్‌ఫోనులో టప్, టప్, టప్, టింగ్ అని వినిపించి, టింగ్‌లు లెక్కపెట్టమనేవాళ్లం. ఒక్క టింగ్‌కి ఏమీ కనిపించదు. పాతిక ముప్పై టింగ్‌లు కలిపి సగటు తీస్తేనే ఆ అల బయటపడుతుంది.

దీన్ని నేర పరిశోధనకు తెచ్చినవాళ్లలో లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయెల్ డాంచిన్ ముఖ్యులు. 1991లో వాళ్ల పరిశోధన వచ్చింది. ఆ తర్వాత ఫార్వెల్ దీనికి బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్ అని పేరు పెట్టి చాలా ప్రచారం చేశాడు. పద్ధతి ఇదీ. తెర మీద మాటలో బొమ్మలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. ఎక్కువ భాగం కేసుతో సంబంధం లేనివి. కొన్ని అందరికీ ముందే చెప్పి, వస్తే బటన్ నొక్కమన్నవి. మిగిలినవి అసలైనవి, నేరం చేసినవాడికి మాత్రమే తెలిసి ఉండాల్సినవి. బీరువా గునపంతో పగలగొట్టారనుకుందాం. "కత్తి, సుత్తి, రంపం, గునపం, రాడ్డు" అని చూపిస్తారు. గునపం దగ్గర మాత్రమే అల లేస్తే, ఆ మనిషికి గునపం సంగతి తెలుసని అర్థం.

ఈ ఆలోచన మంచిదే, దాన్ని కొట్టిపారేయను. టెన్షన్‌ని కాకుండా జ్ఞాపకాన్ని వెతుకుతుంది కాబట్టి పాత లై డిటెక్టరు కన్నా ఒక మెట్టు పైన ఉంది. లై డిటెక్టరు చూసేది గుండె కొట్టుకోవడం, ఊపిరి, రక్తపోటు, అరచేతి చెమట. పూర్వం దొంగతనం జరిగితే అనుమానితులందరి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవాళ్లట, ఎవరి నోట్లో బియ్యం పొడిగా ఉంటే వాడే దొంగ. భయానికి నోరు ఎండుతుంది, అందులో కొంత నిజం ఉంది. కానీ స్టేషన్‌లో కూర్చోబెడితే ఏ తప్పూ చేయనివాడి నోరు కూడా ఎండుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత చెప్పుకుంటాం. నిండు సభలో అందరూ తనవైపే చూస్తుంటే, దొంగ కానివాడు కూడా చెయ్యి భుజం మీదికి పోనిస్తాడు, అమ్మా.

ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరికి వద్దాం. ఈ పరీక్షకు ఒక్క షరతు ఉంది, అది తప్పితే మొత్తం తప్పినట్టే. చూపించే అసలు వివరం నేరస్థుడికి, పోలీసులకు తప్ప ఇంకెవరికీ తెలిసి ఉండకూడదు. మీ తమ్ముడికి ఏం తెలుసో ఒకసారి లెక్కపెట్టండి. షట్టరు తీసింది తనే. పగిలిన బీరువా చూశాడు. కింద పడిన కాగితాలు చూశాడు. పగలగొట్టిన పనిముట్టు అక్కడే ఉంటే అదీ చూశాడు. ఎంత డబ్బు పోయిందో యజమాని నోట విన్నాడు. ఆ తర్వాత నాలుగైదుసార్లు స్టేషన్‌లో "గునపం ఎక్కడ దాచావు, వెనక కిటికీలోంచి వచ్చావా" అని అడిగారు కదా, ఆ ప్రశ్నలే అతనికి కొత్త వివరాలు నేర్పాయి. పేపర్లో వార్త వచ్చి ఉంటే అదొకటి. ఇప్పుడు గునపం బొమ్మ చూపిస్తే అతని మెదడులో అల లేవకపోతేనే ఆశ్చర్యం. ఆ అలకు "చూశాను" అని ఒక రంగు, "చేశాను" అని ఇంకో రంగు ఉండవు.

జపాన్ పోలీసులు చాలా ఏళ్లుగా ఈ గుర్తుపట్టే పద్ధతినే వాడుతున్నారు, మెదడు అలలతో కాదు, ఊపిరి, గుండె, అరచేతి చెమట కొలతలతో. ఇలాంటి పరీక్ష నిలబడాలంటే నేరం జరిగిన చోటి కొన్ని వివరాలను మొదటి రోజు నుంచే ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టాలి. అంత క్రమశిక్షణ ఉంటేనే దానికి విలువ. నాలుగుసార్లు పిలిచి అన్నీ అడిగేసిన తర్వాత చేస్తే, తాము చెప్పిన సంగతులే అతని తలలోంచి తిరిగి తీసుకోవడమవుతుంది.

మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలకు పీ300 నేర్పడానికి ఒక చిన్న ఆట ఆడించేవాళ్లం. ఆరు ఊళ్ల పేర్లు రాసి ఒకటి మనసులో అనుకోమనేవాళ్లం. తెర మీద ఆరు పేర్లూ మార్చి మార్చి చూపించి, ఏ ఊరు అనుకున్నాడో గీత చూసి చెప్పేవాళ్లం. చాలాసార్లు సరిగ్గానే దొరికేది, పిల్లలు నోరెళ్లబెట్టేవాళ్లు. ఒకసారి ఒక అబ్బాయి నెల్లూరు అనుకున్నాడు. గీతల్లో కాకినాడ కొండలా లేచింది. అందరం కాకినాడే అన్నాం. కాదన్నాడు, రాసి మడిచిపెట్టిన కాగితం విప్పి చూపించాడు. ఆరా తీస్తే కాకినాడ అతని భార్య పుట్టిల్లు, అప్పుడామె నిండు నెలలతో అక్కడే ఉంది. పరీక్ష తయారుచేసిన మాకు కాకినాడ ఒక మామూలు పేరు. అతనికి కాదు. ఆటలో అయితే నవ్వుకుని టీ తాగడానికి వెళ్లిపోయాం. కేసులో అయితే ఆ కాకినాడ ఒక మనిషి మెడకు చుట్టుకుంటుంది. అప్పటి నుంచి ఇలాంటి పరీక్ష గురించి ఎవరు గొప్పగా చెప్పినా నాకు ఆ అబ్బాయి ముఖమే గుర్తొస్తుంది.

ఇంకో అమ్మాయి ఇంకోలా మమ్మల్ని ఓడించింది. తాను అనుకోని ఊరు వచ్చినప్పుడల్లా చెప్పులో బొటనవేలు నొక్కిందట. దాంతో అన్ని ఊళ్లూ ఆమె మెదడుకు ముఖ్యమైనవే అయిపోయాయి, అన్నిటికీ అల లేచింది, మాకు ఏమీ తేలలేదు. ఇది ఆమె కనిపెట్టిన కిటుకేమీ కాదు. అమెరికాలో పీటర్ రోసెన్‌ఫెల్డ్ బృందం 2004లో దీన్నే ఒక పద్ధతి ప్రకారం పరీక్షించింది. వాళ్ల ప్రయోగాల్లో ఒకదానిలో, కిటుకు తెలియనివాళ్లలో 82 శాతం మందిని పట్టిన పరీక్ష, వేళ్లు నొక్కడం వంటి చిన్న కిటుకులు నేర్పాక 18 శాతం మందినే పట్టింది. తర్వాత ఆయనే కిటుకులకు లొంగని కొత్త పద్ధతి తయారుచేశాడు, ఆ పని మీద నాకు గౌరవముంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నిజంగా ఆరితేరిన దొంగ దీన్ని దాటుకుని పోగలడు. ఏ కిటుకూ తెలియక, నిజాయితీగా కూర్చున్నవాడే ఇరుక్కుంటాడు. మీ తమ్ముడికి ఈ కిటుకు నేర్పమని మాత్రం నేను చెప్పడం లేదు. దొరికితే అదొక కొత్త అనుమానమవుతుంది.

మన దేశంలో దీనికి ఇంకో రూపం వచ్చింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ విభాగానికి అధిపతిగా పనిచేసిన చంపాది రామన్ ముకుందన్ తయారుచేసిన పద్ధతి అది, పేరు బియోస్. ఇందులో బటన్లు నొక్కే పని లేదు. తలకు ముప్పై చిల్లర ఎలక్ట్రోడ్‌లు పెట్టి, కళ్లు మూసుకోమని, "నేను ఫలానా పని చేశాను" అనే వాక్యాలు వినిపిస్తారు. మనిషి నోరు విప్పనక్కర్లేదు. విన్న సంగతి తనకు తెలిసినదిగా మాత్రమే ఉందా, లేక తాను స్వయంగా అనుభవించినదిగా జ్ఞాపకం వచ్చిందా అనేది మెదడు అలల్లో తేడాగా తెలుస్తుందని దాని వాదన. అంటే నేను పైన చెప్పిన "చూశాను, చేశాను" సమస్యను దాటేశామని వాళ్లు అంటున్నారు.

ఆ తేడా అంత ఖచ్చితంగా దొరుకుతుందని నమ్మించే రుజువు నాకు కనిపించలేదు. నాకొక్కదానికే కాదు. అప్పటి నిమ్హాన్స్ డైరెక్టరు డి. నాగరాజ అధ్యక్షతన ఒక నిపుణుల కమిటీ ఈ పద్ధతులను పరిశీలించి, వీటికి శాస్త్రీయమైన పునాది లేదని, కోర్టులో సాక్ష్యంగా వాడకూడదని 2008లో తేల్చింది. అదే సంవత్సరం జూన్‌లో పూణేలో ఒక సెషన్స్ కోర్టు, మాజీ కాబోయే భర్తకు ప్రసాదంలో ఆర్సెనిక్ కలిపి పెట్టిందన్న కేసులో ఒక ఎంబీఏ విద్యార్థినికి జీవిత ఖైదు వేస్తూ ఈ పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. "ఆర్సెనిక్ కొన్నాను" లాంటి వాక్యాలు వినిపించినప్పుడు అనుభవ జ్ఞాపకం కనిపించిందన్నారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది, మెదడు పరీక్షల మీద పనిచేసే విదేశీ శాస్త్రవేత్తలే చాలామంది తప్పుపట్టారు. తర్వాత బాంబే హైకోర్టు ఆమె శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది.

మీ తమ్ముడికి ఈ పరీక్షే పెడితే ఏం వినిపిస్తారో ఊహించండి. "నేను షట్టరు ఎత్తాను." నిజమే, ఎత్తాడు. "నేను బీరువా దగ్గరికి వెళ్లాను." వెళ్లాడు. "నేను గునపం చూశాను." అక్కడే పడి ఉంటే చూశాడు. ఆ పొద్దున తగిలిన షాక్ అతను జన్మలో మరిచిపోడు. అంతటి జ్ఞాపకాన్ని కదిలిస్తే మెదడు కదలకుండా ఎలా ఉంటుంది?

ఎమ్మారై స్కాన్‌తో అబద్ధం పట్టే మాట కూడా మీరు అడిగారు. మీ తమ్ముడికి ఆ పరీక్ష పెట్టబోవడం లేదు కాబట్టి కొద్దిగానే చెబుతాను. అబద్ధం చెప్పేటప్పుడు మెదడులో కొన్ని చోట్ల రక్తం ఎక్కువ చేరుతుందని 2000 తర్వాత కొన్ని ప్రయోగాల్లో చూశారు. అవన్నీ ప్రయోగశాలలో పేకముక్క దాచి "నా దగ్గర లేదు" అనిపించడం లాంటివి. అక్కడ అబద్ధం చెప్పమన్నదే పరిశోధకుడు, చెబితే జైలేమీ లేదు. 2011లో జార్జియో గానిస్ బృందం చూపించిందేమిటంటే, స్కానర్‌లో పడుకున్నవాడు కనబడకుండా వేళ్లు కాస్త కదిపితే చాలు, 100 శాతం ఉన్న ఖచ్చితత్వం 33 శాతానికి పడిపోయింది. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా బిల్లుల మోసం కేసులో ఒక సైకాలజిస్టు తాను నిజమే చెబుతున్నానని స్కాన్ రిపోర్టు తెచ్చుకున్నాడు. మొదట చేసిన రెండు స్కాన్లలో ఒకటి అనుకూలం, ఒకటి ప్రతికూలం. అలసిపోయాడు కాబట్టి అలా వచ్చిందని మూడోది తీస్తే అనుకూలం. 2010లో కోర్టు దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు, 2012లో అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2010లో స్టాన్‌ఫర్డ్‌లో జెస్సీ రిస్మన్ బృందం చేసిన పని. వందల ముఖాలు చూపించి, కాసేపాగి వాటిలో కొత్త ముఖాలు కలిపి మళ్లీ చూపిస్తూ స్కాన్ చేశారు. "ఇది నేను చూసిన ముఖం" అని మనిషి అనుకున్నాడా లేదా అనేది స్కాన్‌లో బాగానే తెలిసింది. ఆ ముఖం నిజంగా చూసిందా కాదా అనేది మాత్రం దాదాపు తెలియలేదు. మన జ్ఞాపకం పొరపాటు పడితే మెదడు కూడా ఆ పొరపాటునే నిజంగా చూపిస్తుంది. వారాల తరబడి స్టేషన్ చుట్టూ తిరిగి, నిద్ర లేక, రోజూ అదే సంఘటన తలుచుకునే మనిషి జ్ఞాపకం ఎంత చెదిరి ఉంటుందో మీరు ఇంట్లోనే చూస్తున్నారు.

"తొంభై శాతం కరెక్టుగా చెబుతుందట కదా" అని నాన్నగారు అన్నారని రాశారు. అది నిజమే అనుకుని లెక్క వేద్దాం. షాపులో ఇరవై మంది ఉన్నారు, వాళ్లలో ఒక్కడే దొంగ. అందరికీ పరీక్ష చేశారు. తప్పు చేయని పంతొమ్మిది మందిలో పది శాతం, అంటే సుమారు ఇద్దరు, దొంగలుగా తేలతారు. దొంగ కూడా దొరికాడనుకున్నా ముగ్గురి పేర్లు వస్తాయి. అందులో ఇద్దరు అమాయకులు. తొంభై శాతం అన్న మాట విన్నప్పుడు ఈ ఇద్దరు మన కళ్లకు కనిపించరు. 2003లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీల పరిశోధన మండలి లై డిటెక్టరు గురించి ఇలాంటి లెక్కే వేసింది. పదివేల మంది ఉద్యోగుల్లో పది మంది గూఢచారులుంటే, వాళ్లలో ఎనిమిది మందిని పట్టేలా పరీక్ష పెడితే మొత్తం 1,606 మంది దొరుకుతారు. వాళ్లలో 1,598 మంది ఏ పాపం ఎరగనివాళ్లు.

ఇక చట్టం. నేను లాయరును కాను, కానీ ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు మా రంగంలో పనిచేసినవాళ్లందరం చదివాం. 2010 మే 5న సెల్వీ వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పాంచాల్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. నార్కో (మందు ఇచ్చి మత్తులో ప్రశ్నించడం), లై డిటెక్టరు, బ్రెయిన్ మ్యాపింగ్, ఈ మూడింటిలో దేన్నీ మనిషి ఇష్టం లేకుండా చేయకూడదు. చేస్తే రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణాలకు విరుద్ధం. 20(3) అంటే నిందితుడి చేత అతనికే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించకూడదన్నది. నోరు విప్పకుండా మెదడులోంచి తీసుకున్నా అది చెప్పించడం కిందికే వస్తుందని కోర్టు అంది. నాకు ఆ తీర్పులో ఎంతో నచ్చిన మాట అది. 2025 జూన్‌లో కూడా బీహార్ నుంచి వచ్చిన ఒక నార్కో కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది.

ఒప్పుకుని చేయించుకుంటే? అప్పుడు కూడా పరీక్ష ఫలితం దానంతట అది సాక్ష్యం కాదు. కానీ ఆ పరీక్ష ద్వారా తెలిసిన సమాచారంతో తర్వాత ఏదైనా వస్తువు దొరికితే, దాన్ని కోర్టులో పెట్టవచ్చు. పాత ఎవిడెన్స్ చట్టం 27వ సెక్షన్ కింద ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌లో ఉంది. అంటే ఒప్పుకుంటే నిర్దోషి అని సర్టిఫికెట్ రాదు. పరీక్ష బాగా వచ్చినా కేసు అక్కడితో ఆగిపోతుందన్న హామీ లేదు, బాగా రాకపోతే మాత్రం అనుమానం అతని చుట్టూనే తిరుగుతుంది. నాన్నగారికి ఈ ముక్క ప్రత్యేకంగా చదివి వినిపించండి. ఆయన ఒప్పుకోమంటున్నది కొడుకు మీద నమ్మకంతో. ఆ నమ్మకం సరైనదే, నమ్మరానిది ఈ యంత్రం.

ఒప్పుకోకపోతే తప్పు చేసినట్టే అనుకుంటారేమో అని మీకు భయం. కాదనడం అతని హక్కు. హక్కును వాడుకున్నందుకు దాన్ని నేరానికి రుజువుగా కోర్టు చూడకూడదు. స్టేషన్‌లో ఎవరైనా అలా అన్నా గొడవ పడవద్దు, మర్యాదగా "మా లాయరు గారితో మాట్లాడి చెబుతాం సార్" అనమనండి. విచారణకు పిలిస్తే వెళ్లాలి, చెప్పేది నిజమే చెప్పాలి, అది వేరు.

అన్నీ విని, అయినా తమ్ముడే మనస్ఫూర్తిగా చేయించుకుంటానంటే, దానికి ఒక పద్ధతి ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో లై డిటెక్టరుకు ఇచ్చిన మార్గదర్శకాలనే బ్రెయిన్ మ్యాపింగ్‌కి, నార్కోకీ పాటించాలని సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో తెల్లకాగితం మీద తీసుకున్న సంతకం చాలదు. సమ్మతిని మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి, అప్పుడు పక్కన లాయరు ఉండాలి. పరీక్ష వల్ల శరీరానికి, మనసుకు, కేసుకు ఏమవుతుందో ముందే వివరించాలి. అక్కడ చెప్పింది మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన నేరాంగీకారం కాదని, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం లాంటిదేనని స్పష్టంగా చెప్పాలి. ఎంతకాలం నిర్బంధంలో ఉన్నాడు, ఎలా ప్రశ్నించారు అన్నది కూడా మేజిస్ట్రేట్ చూడాలి. పరీక్షను ఆసుపత్రి లాంటి స్వతంత్ర సంస్థ, లాయరు సమక్షంలో చేయాలి. వీటిలో ఒక్కటి తగ్గినా ఆగమని అడగవచ్చు.

దానికి తోడు ఈఈజీ పని చేసినదానిగా నావి కొన్ని. ముందు రాత్రి నిద్ర లేకపోతే అలలు మారిపోతాయి, కాబట్టి నిద్రపోయి వెళ్లాలి. మూర్ఛకో, ఆందోళనకో, నిద్రకో మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పాలి, కానీ పరీక్ష కోసం వాటిని సొంతంగా ఆపకూడదు. తలకు నూనె పెట్టకుండా స్నానం చేసి వెళ్లాలి, నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, చెత్త గీతలు వస్తాయి. రిపోర్టు ఒక పేజీ ఇస్తారు, అది చాలదు. వినిపించిన వాక్యాల పూర్తి జాబితా, అసలు రికార్డింగు కాపీ కావాలని లాయరు ద్వారా అడగండి. అవి లేకుండా ఇంకో నిపుణుడు ఆ రిపోర్టును తనిఖీ చేయలేడు.

లాయరుకు డబ్బు లేదని రాశారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, అర్హత ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. రేపు పొద్దున్నే ఆ పని చేయండి.

దానికన్నా ముందు ఈ రాత్రి ఒక పని ఉంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి రెండు కాగితాలు రాయించండి. మొదటిదాంట్లో ఆ పొద్దున షట్టరు తీసిన దగ్గర నుంచి తాను కళ్లతో ఏమేమి చూశాడో, దేన్ని తాకాడో రాయాలి. రెండోదాంట్లో తర్వాత ఎవరెవరి నోట ఏ వివరం విన్నాడో: యజమాని చెప్పింది, తోటి పనివాళ్లు చెప్పింది, ఏ రోజు స్టేషన్‌లో ఏ ప్రశ్న అడిగారో, పేపర్లో ఏం చదివాడో. గుర్తున్నంత వరకు తేదీలతో సహా. రేపు ఎవరైనా "ఈ సంగతి నీకెలా తెలుసు" అంటే, ఎలా తెలుసో అందులో ఉండాలి. కింద ఈ రోజు తేదీ వేసి, సంతకం పెట్టించి, లాయరు చేతికి మాత్రమే ఇవ్వండి.